ఉప్పుగాలి చూసొచ్చినం

సముద్రం ఒడ్డున బతుకు ఎట్ల ఉంటదో మా వాడల ఎవ్వరినడిగినా చెప్తరు. చూసినోళ్లు మాత్రం ఒక్కరు లేరు. అక్కడ ఇండ్లల్ల ఫ్యానే అక్కర లేదట. నీళ్లకు కరువే లేదట, గింజ ఇసిరేసి పండుకుంటే పంట అదే వస్తదట. ఉప్పు కొనే పనే ఉండదట. అన్నిటికంటె పెద్ద మాట, సముద్రం గాలి నాలుగు దినాలు పీలిస్తె ఎసొంటి దమ్మయినా, ఆయాసమయినా దిగిపోతదట. ఈ ఆఖరి మాట పట్టుకొనే నేను, మా ఆయన బయలెల్లినం. పోయి చూసినోళ్లం గనుక, పోనోళ్లకు ఉన్నదున్నట్టు చెప్తున్న.

మాది కేసముద్రం పక్కన ఊరు. మా ఆయన పేరు నోట చెప్పను గని, రాతల చెప్పకుంటే మీకెట్ల తెలుస్తది, కొమురయ్య. మార్కెట్ యార్డుల హమాలీ. వయసంత మిరపకాయ బస్తాలు మోసిండు. ఆ ఘాటు, ఆ దుమ్ము పోయి పోయి ఛాతిల కూసున్నది. నాలుగడుగులు వేస్తె పిల్లికూతలు. మాకు ఎకరంనర చెల్క, అండ్ల ఒక బాయి. కూలి పైసలతోని ఇద్దరం కొనుక్కున్నది.

మా చెల్క పక్క చెల్క పటేల్‌ది. ఒకనాడు వచ్చి మంచంల కూసొని, "ఎల్లవ్వా, భూమి పోతె మళ్ల కొనుక్కోవచ్చు, మనిషిని కొనుక్కోలేవు. కొమురయ్యను సముద్రం కాడికి తోలుకపో, అక్కడనే ఉండుండ్రి. భూమి నేను తీసుకుంట" అన్నడు. ఆయన మాటల ప్రేమ లేదనను. కండ్లు మాత్రం మా బాయి దిక్కే ఉన్నయి. పోయొచ్చి చెప్తనన్న. లోకమంత చెప్తుంటే ఇంక చూసేదేముందన్నడు. లోకం వేరు, నేను వేరు అన్న.

అవి తెలంగాణ ఉద్యమం కాక మీదున్న రోజులు. ఊరు నడిమిట్ల దీక్ష టెంటు. నేను సుత పొద్దంత అండ్ల కూసొని పాటలకు కోరస్ పట్టేదాన్ని. మేము పోయే జాగ ఆంధ్ర సముద్రం ఒడ్డని తెలిసినంక నా పక్కన కూసునే ఆడామె ఊకుంటదా. "పొద్దుగాల ఆంధ్రోళ్లు పోవాలె అంటివి, మాపటికి నువ్వే మూట కడ్తివి" అన్నది. మన రాష్ట్రం మనకు రావాలె, నా పెనిమిటికి ఊపిరి సుత రావాలె, ఈ రెండిట్ల నన్నేది ఇడువమంటవని అడిగిన. ఆమె, అయితె వచ్చేటప్పుడు ఎండుచేపలు తెమ్మన్నది.

మొగుళ్లపల్లి

ముందుగాల మా అమ్మగారి ఊరు మొగుళ్లపల్లి పోయినం. మా అన్న సాంబయ్యను అడగకుంట నేను పెద్ద పని ఏదీ పెట్టుకోను. పత్తి కట్టె పీకుతున్నడు. విషయం విన్నడు, కట్టెల మోపు కట్టిండు, నెత్తికెత్తుకున్నడు, ఇంటిదాక వచ్చిండు. మా వదినె మక్క గటక, పచ్చిపులుసు పెట్టింది. సగం తిన్నంక అన్నడు:

"ఎద్దును కొంటె పండ్లు చూస్తం గదనే. ఉండే జాగను చూడకుంటనే కొంటమా? పోయి చూడు. తాగే నీళ్లు చూడు, నిద్ర చూడు. బావ అక్కడ ఎండకు ఎట్లున్నడు, మబ్బుకు ఎట్లున్నడు చూడు. చూసినంక పటేల్‌కు చెప్పు."

నేను అనుకున్నదే ఆయన అన్నడు. అయినా అన్న నోట వింటె కాళ్లకు బలమొచ్చింది. వదినె, మేము పోయే ఇంటి సుబ్బాయమ్మోళ్లకని బియ్యప్పిండి సకినాలు కట్టిచ్చింది. ఆ సకినాల కథ ముందుముందు చెప్త.

జనగామ

మా బిడ్డ రజిత జనగామల ఉంటది. పోయేటప్పుడు నాయినను ఒక్కసారి దవాఖానల చూపియ్యాలని పట్టుబట్టింది. డాక్టరు చెవులకు తగిలిచ్చుకునేది ఛాతి మీద పెట్టి విన్నడు, నోట్ల పెట్టుకొని పీల్చే గొట్టం రాసిచ్చిండు. దినాం పీల్చాలె, దుమ్ములకు పోవద్దని చెప్పిండు. యార్డుల పనిచేసేటోనికి దుమ్ములకు పోవద్దంటె, చేపకు నీళ్లల్లకు పోవద్దన్నట్టే.

మా ఆయన బయటికి రాంగనే ఆ గొట్టం నా చేతుల పెట్టిండు. అది పీలిస్తె అలవాటయితదట, అలవాటయితె ఛాతి గుల్లయితదట. ఎవరు చెప్పిన్రంటె, యార్డుల అందరు చెప్తరన్నడు. రజిత కొట్లాడింది. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. "సముద్రం ఉండంగ గొట్టమెందుకు" అని గోడకే చెప్పిండు. నేను దాన్ని చీరల చుట్టి సంచి అడుగున పెట్టిన. పైసలు పెట్టి కొన్నదాన్ని పారెయ్యబుద్ధి కాలే.

పట్టాల మీద బువ్వ

జనగామల ఎక్కిన బండి మా కేసముద్రం మీదికెళ్లే పోతది. స్టేషన్ల ఆగంగనే మిరపకాయ వాసన కిటికీల నుంచి గుప్పున కొట్టింది. బయట లారీలు, ట్రాక్టర్లు, ఎర్ర బస్తాల కుప్పలు. మా ఆయన తువ్వాల ముక్కుకు పెట్టుకొని దగ్గవట్టిండు. "సూశినవా, మన ఊరే మనల తరుముతాంది" అన్నడు. నా మనసుల పటేల్ మాట జర గట్టిగనే తిరిగింది.

మానుకోట దాటినంక బండి ఆగింది. రైలు రోకో. పట్టాల మీద మూడు రాళ్ల పొయ్యిలు పెట్టి వంటావార్పు. పెద్ద పెద్ద గుండిగలల్ల బువ్వ, పప్పుచారు. దిగినోళ్లందరికి ఇస్తరాకులు. నేను జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట విప్పి అండ్ల కలిపిన. మా డబ్బాల ఒక ముసలాయన మాత్రం దిగలే. తెల్ల పంచె, కిటికీ పక్కన బిగుసుక కూసున్నడు. నీళ్లు కావాల్నా అంటె తలకాయ ఊపిండు గని నోరు మెదపలే. నోరు తెరిస్తె ఆంధ్ర మాట బయటపడ్తదని భయం. ఇస్తరాకు తీస్కపోయి ఆయన ఒళ్లె పెట్టిన. "తిను బాపు, బువ్వకు యాస లేదు" అన్న. తిన్నడు. తిన్నంక "చల్లగా ఉండమ్మా" అన్నడు, మెల్లగ, ఎవ్వరికి ఇనపడకుంట.

ఎండ వాలినంక బండి కదిలింది. బెజవాడల ఇంకో బండి ఎక్కినం. అక్కడ చాయ్ మనకంటె తియ్యగ ఉంటది, పైసలు సుత జర ఎక్కువ.

ఉప్పుగాలి

చీరాలల దిగి, ఆటోల సుబ్బాయమ్మ ఊరికి పోయినం. ఆమె ఎవరో చెప్పలే గద. ఆమె, ఆమె పెనిమిటి మిరప తోట వేస్తమని మా దిక్కు వచ్చి, బయ్యారం పక్కన భూమి కౌలుకు పట్టిన్రు. కాయ అమ్మేతందుకు మా యార్డుకు వచ్చినప్పుడు మా ఇంట్లనే నీళ్లు తాగేది, నడుం వాల్చేది. నేను ఆమెను, ఆమె నన్ను వదినె అనే పిలుసుకుంటం. రెండో ఏడు తోట ఎండిపోయింది. ఎల్లిపోయేనాడు మా ఆయన దగ్గు విని, "మా సముద్రం కాడికి తీసుకురా వదినా, ఊపిరి దానంతటదే ఆడుద్ది" అని చెప్పి పోయింది.

ఊరు అంచున, ఇసుకల తాటికమ్మల ఇల్లు. ఆ ఇసుక దాటితె సముద్రం. నేను దాన్ని చూసి ఏమనుకున్ననో చెప్పాలంటె, ఏమీ అనుకోలే. మా ఆయన చెప్పులిడిచి తడి ఇసుకల నిలబడి పెద్ద ఊపిరి తీసుకున్నడు. కూత రాలే. నా దిక్కు చూసి నవ్విండు. మర్నాడు ఆగకుంట పడవల కాడిదాక నడిచిండు. వచ్చి నెత్తళ్ల పులుసుతోని కడుపు నిండ తిన్నడు. ఆ చిన్న చేపలు చింతపులుసుల ఈదుతాంటె నాకు సుత రెండో ముద్ద అడగబుద్ధయింది. నాకు ఆశ పుట్టింది. ఎక్కడ ఇల్లు కట్టాలె, ఏ దిక్కు దర్వాజ పెట్టాలె అని సుత చూసుకున్న.

అయితె చూసుడుకు పోయినదాన్ని గనుక, ఆశతోని కండ్లు మూసుకోలే. మొగుళ్లపల్లి వదినె ఇచ్చిన సకినాలు డబ్బా తెరిస్తె గుడ్డపేలికల లెక్క మెత్తగయినయి. మా ఇంట్ల నెల్లాళ్లు పటపటలాడేటివి, అక్కడ ఒక్క రాత్రికి సచ్చినయి. అగ్గిపెట్టె గీకితె అంటుకోలే. ఉతికిన చీర మాపటిదాక ఆరలే. నా రవికె పిన్నీసు తుప్పువట్టింది. గాలి ఉంటది, అది నిజమే. అది ఆగిందంటె మాత్రం చెమట కారుడే తప్ప ఆరుడు ఉండదు. మన ఎండ కొడ్తది, ఆ ఎండ నానబెడ్తది. సుబ్బాయమ్మ ఇంట్ల ఫ్యాను ఉన్నది, పొద్దు మాపు తిరుగుతనే ఉన్నది. ఉప్పు సుత దుకాణంలనే కొంటరు.

పక్కిండ్ల పోరగాండ్లు నన్ను మాట్లాడమని ఎంటవడేది. నేను ఏమన్నా కిలకిల నవ్వుడు. ఏందిరా అంటె, సినిమాల్ల రౌడీలు ఇట్లనే మాట్లాడ్తరట. "మా దిక్కు బిడ్డలకు జోల పాడేటోళ్లు సుత గిట్లనే పాడ్తరు" అని ఒక జోలపాట పాడిన. నవ్వుడు బంద్ చేసిన్రు. చిన్నది ఒకతి నా ఒడిల పండుకున్నది.

దొరువు

నీళ్ల సంగతి చెప్పాలె. సముద్రం పక్కన నీళ్లు కొనుక్కుంటరంటె నమ్ముతరా? మేము వచ్చినమని సుబ్బాయమ్మ డబ్బా నీళ్లు తెప్పించింది. వాళ్లయితె ఇసుకల తవ్విన గుంట నీళ్లే వాడుకుంటరు. దాన్ని దొరువంటరు. మోకాలు లోతు గుంట, దిగేతందుకు వాలు. అడుగున చెంబెడు చెంబెడు ఊరుతయి తియ్యటి నీళ్లు. అవే తాగుడుకు, అవే కనకాంబరం మళ్లకు. రెండు చేతుల రెండు కుండలు పట్టుకొని దిగుడు, ముంచుడు, ఎక్కుడు, పొయ్యుడు. పొద్దుగాల నుంచి అదే పని. గింజ ఇసిరి పండుకునేటోళ్లు నాకు ఒక్కరు కనబడలే.

నాకు పానం ఊకోలే. మా కోసం నీళ్లు కొంటుంటె సిగ్గయింది. సుబ్బాయమ్మ పూలు అమ్మేతందుకు చీరాల పోయిన పూట, పార తీసుకొని దొరువుల దిగిన. మా దిక్కు బాయిల నీళ్లు తక్కువయితె ఏం చేస్తం? లోతుకు తవ్వుతం. నా చెయ్యికి తెలిసిన పని అదొక్కటే. ఇసుక మెత్తగ వస్తాంది, నడుం లోతు తీసిన. నీళ్లు ఊటబుగ్గ లెక్క పొంగినయి. గింత సులువు పనిని వీళ్లు ఎందుకు చేసుకోలేదో అనుకుంట నాలుగు మళ్లు తడిపిన. నా అంత మొనగత్తె లేదనుకున్న.

సుబ్బాయమ్మ వచ్చింది. నేను నవ్వుకుంట చెంబు చేతికిచ్చిన. ఒక్క గుటక నోట్ల పోసుకొని ఉమ్మింది. దొరువు కాడికి ఉరికి చూసి, గట్టు మీద కూలబడ్డది.

"ఎవరు తవ్వమన్నారు వదినా నిన్ను? కింద ఉప్పు నీళ్లు. తియ్యనివి పైపైనే తేలుతుంటాయి. వాటిని కదిలించకూడదు."

మళ్లల్ల పోసినవన్ని ఉప్పు నీళ్లే. పూల మొక్కలు పోతయి. నాకు ఆ ఇసుకలనే దిగబడిపోవాలనిపించింది. తిట్టమన్న. ఆమె తిట్టలే. తర్వాత పార తీసుకొని గుంటల ఇసుక నింపవట్టింది. నేను సుత చేతులతోని దోసి పోసిన. సగం నిండినంక ఆమెకు నవ్వచ్చింది, ఏడుపసొంటి నవ్వు.

"మీ ఊళ్లో మేం చేసిందీ ఇదేగా. నీళ్లంటే చేతికందే లోతులోనే ఉంటాయనుకున్నాం. బావిలో నీళ్లు చూసి మిరప వేసేశాం. కాయ పడేవేళకి బావి అడుగు కనబడింది. ఇంకా లోతుకెళ్లాలని మాకు తట్టనే లేదు. అప్పుడు మమ్మల్ని చూసి మీరెంత నవ్వుకున్నారో."

నవ్వుకున్నమని చెప్పలే. నవ్వుకున్నదయితె నిజమే, ఊరంత నవ్వింది. పార ఆమె చేతుల నుంచి నేను తీసుకున్న. దూరంగ ఇంకో జాగల కొత్త దొరువు తీసినం. ఎంత లోతుకు ఆగాల్నో ఈసారి ఆమె చెప్పింది, నేను ఆగిన.

పోలయ్య జేబు

ఆ మర్నాడు పగటీలి గాలి ఆగిపోయింది. ఆకు కదలలే. ఒళ్లు జిగురు జిగురు. మా ఆయన మంచం పట్టె పట్టుకొని ముందుకు వంగిండు. దమ్ము లేచింది. మా ఇంటికాడ ఎన్నడు చూడలే అసొంటిది. పెదవులు నల్లబడ్డయి, మాట రాదు, కండ్లు మాత్రం సముద్రం దిక్కున్నయి, మాట ఇచ్చి తప్పినోన్ని చూసినట్టు. నేను వీపు రాస్తున్న, సుబ్బాయమ్మ విసురుతున్నది. ఏం ఫాయిద?

పక్కింటి పోలయ్య అడుగులో అడుగేసుకుంట వచ్చిండు. ముసలి జాలరి, సముద్రం మీదనే పుట్టి పెరిగిన మనిషి. ఆయన వస్తాంటెనే నాకు కూత ఇనవడ్డది. మా ఆయనదే అనుకున్న, కాదు, ఆయన ఛాతిల నుంచి. జేబుల చెయ్యి పెట్టి తీసిండు. గొట్టం. డాక్టరు మాకిచ్చినట్టిదే.

"నీది ఏదయ్యా?" అన్నడు.

నేను సంచి బోర్లించిన. చీర మడతల నుంచి దాన్ని తీసి ఇస్తె మా ఆయన తలకాయ అడ్డంగ ఊపిండు. అలవాటయితదని ఆయన భయమని నేనే చెప్పిన. పోలయ్య మంచం మీద కూసున్నడు.

"అన్నం కూడా అలవాటేగా. మానేశావా? ఊపిరంతా బయటికి వదులు. ఇప్పుడు నొక్కుతూ లోపలికి లాగు, మెల్లగా, వల లాగినట్టు. తెంపుకోకు. ఆపు. ఇంకాస్త ఆపు."

తాను ఒకసారి పీల్చి చూపెట్టిండు. మా ఆయన పీల్చిండు. జర ఆగి మళ్ల పీల్చిండు. మెల్లమెల్లగ భుజాలు దిగినయి, పెదవులకు రంగొచ్చింది. అప్పటిదాక పట్టుకున్న ఊపిరి నేను సుత ఇడిచిన.

మా ఆయన జర తేరుకున్నంక, పోలయ్యనే ఆయన దగ్గరికి జరిగి రహస్యం అడిగినట్టు అడిగిండు. "మీ తెలంగాణలో గాలి పొడిగా ఉంటదంట కదా? నాలుగు రోజులు పీలిస్తే ఉబ్బసం పోద్దంట. నన్నక్కడికి పొమ్మని ఊరంతా చెప్తన్నారు."

మా ఆయన నా దిక్కు చూసిండు. ఇద్దరం ఒక్కసారే నవ్వినం. పోలయ్యకు ఎందుకో తెలువలే, చెప్పినంక ఆయన సుత నవ్వి నవ్వి మళ్ల గొట్టం తీసిండు.

ఆ మాపు సుబ్బాయమ్మను నిమ్మళంగ అడిగిన. "రమ్మన్నది నువ్వే. భూమి అమ్ముకొని రావాల్నా, వద్దా? నా మొఖం చూడకు, నిజం చెప్పు." ఆమె పూలు కట్టుకుంట, నేను పక్కనుంటె తనకు తోడయితదని, అందుకే తన నోటితో రావద్దని చెప్పలేనన్నది. కట్టిన దండ నా కొప్పుల పెట్టి, "కానీ నీకక్కడ బావి ఉంది" అన్నది. నాకు అది చాలు.

ఇంటికి

వచ్చేటప్పుడు బండిని ఎవ్వరు ఆపలే. ఎండుచేపల మూట వాసనకు డబ్బాల అందరు మాకు జాగ ఇచ్చిన్రు. ఒక సీసల సముద్రం నీళ్లు తెచ్చిన. టెంటు కాడ అందరు వేలు ముంచి నాలికెకు పెట్టుకొని మొఖాలు వంకర పెట్టిన్రు. ఇది పెట్టుకొని వాళ్లు ఎట్ల బతుకుతున్నరే అని అడిగిన్రు. దీన్ని పక్కకు పెట్టుకొనే బతుకుతున్నరు, మనకంటె ఎక్కువనే కష్టపడ్తున్నరు అని చెప్పిన. కొందరికి రుచించలే. అయినా చెప్పిన. పాటకు మళ్ల కోరస్ సుత పట్టిన.

పటేల్ మాపటికే వచ్చిండు. భూమి రాత ఎప్పుడు పెట్టుకుందామన్నడు.

"పటేలా, గాలి మంచిదే. పైసలు లేకుంటనే దొరుకుతది. గని దాన్ని పీల్చేటోళ్లకు సుత దమ్మున్నది. మేము భూమి అమ్మం."

"కొమురయ్య పానం మీదికొస్తె?"

"యార్డు ఇడుస్తడు. భూమి ఇడువం."

ఆయన మా ఆయన దిక్కు తిరిగిండు. మా ఆయన జేబుల నుంచి గొట్టం తీసి, ఊపిరి ఇడిచి, నొక్కి, వల లాగినట్టు లాగి, ఆపిండు. ఆపినోనితోని మాట్లాడేదేముంటది, పటేల్ లేచి పోయిండు.

ఎండాకాలం నడిమిట్ల మా బాయి అడుగంటింది. నేను గడ్డపార తీసుకొని దిగిన, వాడల ఇద్దరు ఆడోళ్లు తట్టలందుకుంటున్నరు. మా ఆయన దుమ్ము పడకుంట ముక్కుకు తువ్వాల కట్టుకొని మీద గిలక కాడ కూసున్నడు. బండ సందుల నుంచి నీళ్లు చిమ్మినయి. నేను దోసిట్ల పట్టుకొని ముందుగాల నాలికెకు పెట్టిన.

"ఏందే, నీళ్లు నాకుతున్నవు?" అన్నడు మీది నుంచి.

"ఉప్పున్నయేమో అని."

నవ్విండు. నవ్వు నడిమిట్ల దగ్గు వచ్చింది, జేబుల చెయ్యి పెట్టుకున్నడు. నీళ్లు తియ్యగనే ఉన్నయి. నేను మళ్ల గడ్డపార అందుకున్న. ఇంకా లోతుకు పోవాలె.